చిన్న కారులో సైకిలు: డిక్కీలోనా, వెనక కట్టాలా, టాపు మీదికెక్కించాలా?

పెద్దవాళ్లు తొక్కే సైకిలును ముందు టైరు అంచు నుంచి వెనక టైరు అంచు దాకా టేపు పెట్టి కొలిస్తే 170 నుంచి 180 సెంటీమీటర్లు వస్తుంది. ఆల్టో కె10 వెడల్పు 149 సెంటీమీటర్లు. వ్యాగనార్ 162, స్విఫ్ట్ 173.5, ఐ20 177.5. సైకిలును ఉన్నదున్నట్టు కారు వెనక అడ్డంగా తగిలిస్తే ఆల్టోకు రెండు పక్కలా పది పదిహేను సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. అద్దాల్లో అది డ్రైవరుకు సరిగా కనబడదు. తిరుపతి నుంచి బెంగళూరుకు దాదాపు 250 కిలోమీటర్లు. అంత దూరం లారీల పక్కనుంచి అలా పోవడం కుదిరే పని కాదు.

క్యారియర్ల ధరలు పోల్చుకునే ముందు ఒక పని చేయండి. సైకిలు ముందు చక్రం ఊడదీసి మళ్లీ కొలవండి. ఇరుసు నుంచి ఇరుసుకు సుమారు 105, వెనక చక్రంలో సగం 34. మొత్తం 140 లోపే. వెనక చక్రం కూడా తీసేస్తే మిగిలేది 110 చిల్లర. ఇప్పుడది ఆల్టో వెడల్పులో కూడా ఇముడుతుంది, చాలా కార్ల వెనక సీటు మీద అడ్డంగా కూడా పడుతుంది. చిన్న కారుకు మేం చెప్పే వరుస ఇది: సైకిళ్లు ఒకటో రెండో ఉండి మనుషులు ఇద్దరే అయితే చక్రాలు తీసి లోపలే పెట్టండి. మనుషులు ముగ్గురో నలుగురో అయితేనే బయట కట్టే సంగతి ఆలోచించండి. బయట కట్టాల్సివస్తే మొదట టాపు, డిక్కీ తలుపుకు తగిలించే పట్టీల క్యారియర్ తర్వాత. చవకగా వస్తుందని ఎక్కువమంది మొదట చూసేది ఆ పట్టీల క్యారియరే. అన్నిటికన్నా జాగ్రత్త ఎక్కువ కావలసిందీ అదే.

లోపల పెట్టడం

డిక్కీ ఎన్ని లీటర్లని కంపెనీ చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు. ఆల్టోకు 214, వ్యాగనార్‌కు 341 అంటారు. అవి వెనక సీటు నిలబడి ఉన్నప్పటి అంకెలు. సైకిలుకు కావలసిన కొలతలు వేరు: డిక్కీ తలుపు తెరిచాక నోటి వెడల్పు, నోటి ఎత్తు, సీటు మడిచాక ముందు సీటు వీపు నుంచి డిక్కీ గడప దాకా పొడవు. వ్యాగనార్ ఎత్తు 167.5 సెంటీమీటర్లు, వెనక భాగం దాదాపు నిట్టనిలువు. అందుకే అందులో ఫ్రేమును పడుకోబెట్టకుండా నిలబెట్టే అవకాశం ఉంది. స్విఫ్ట్‌లాంటి కార్లలో వెనక అద్దం ఏటవాలుగా వస్తుంది కాబట్టి కింద చోటున్నా పైన హ్యాండిల్ తగులుతుంది. తలుపు మూసేటప్పుడు హ్యాండిల్ కొన సరిగ్గా అద్దం మధ్యలో ఆనుతుంది, గట్టిగా వేస్తే అద్దం పగులుతుంది. మొదటిసారి తలుపును మెల్లగా దించుతూ, ఇంకొకరు పక్కనుంచి చూస్తూ మూయాలి.

వెనక సీటు ఎలా మడుస్తారన్నది కూడా చూసుకోవాలి. ఖరీదు మోడళ్లలో 60:40గా విడివిడిగా మడుస్తుంది, తక్కువ ధర మోడళ్లలో సీటు మొత్తం ఒకేసారి పడుతుంది. విడిగా మడిచే కారైతే 60 వైపు సైకిలు, 40 వైపు ఒక మనిషి. ఆ మిగిలిన మనిషి సీటు బెల్టు బకిలు సైకిలు కిందికి పోకుండా ముందే బయటికి లాగిపెట్టండి. సామాను ఎక్కించాక దాన్ని వెతకడం జరిగే పని కాదు.

సీఎన్‌జీ కారైతే కథ వేరు. సిలిండరు డిక్కీలో ఉంటుంది, చాలా కార్లలో దాని పైన మిగిలే చోటు చేతిసంచులకే చాలదు. సిలిండరు మీద సైకిలు ఆనించడం, దాని బెల్టుకో వాల్వుకో తాడు కట్టడం అస్సలు చేయకూడదు. అలాంటి కార్లకూ, డిజైర్‌లాంటి డిక్కీ వేరుగా ఉన్న కార్లకూ ఒక దారి ఉంది: రెండు చక్రాలూ తీసి, ఫ్రేమును వెనక తలుపులోంచి సీటు మీద అడ్డంగా పెట్టడం. 110 సెంటీమీటర్ల ఫ్రేము, 120 నుంచి 130 ఉండే సీటు వెడల్పులో పడుతుంది. చక్రాలు డిక్కీలోకో ముందు సీటు వెనక కాళ్ల దగ్గరికో పోతాయి.

విప్పే వరుసకు ఒక క్రమం ఉంది, తప్పితే పని రెట్టింపవుతుంది. ముందు గేరు లివరు నొక్కి, పెడలు తిప్పుతూ, చైనును వెనకున్న అన్నిటికన్నా చిన్న పళ్లచక్రం మీదికి దించాలి. అక్కడ చైను వదులుగా ఉంటుంది, చక్రం సులువుగా వస్తుంది, తిరిగి పెట్టేటప్పుడు ఏ పళ్లచక్రం మీద వేయాలో గుర్తుంటుంది. తర్వాత బ్రేకు. రిమ్మును రెండు పక్కల నుంచి పట్టే వి-బ్రేకు అయితే ఆ బ్రేకు చేతులు రెంటినీ దగ్గరికి నొక్కి, వంపు తిరిగిన చిన్న లోహపు గొట్టాన్ని దాని గూట్లోంచి లాగాలి. లేకపోతే గాలి నిండిన టైరు బ్రేకు దిమ్మల మధ్య నుంచి రాదు. సీటు దించే ముందు సీటు పోస్టు మీద ఇన్సులేషన్ టేపు చుట్టి గుర్తు పెట్టుకుంటే ఎత్తు మళ్లీ వెతుక్కోవాల్సిన పని ఉండదు. పెడళ్లకు 15 మి.మీ. పానా కావాలి, కొన్నిటికి లోపలివైపు నుంచి 6 లేదా 8 మి.మీ. ఎలెన్ కీ. కుడి పెడలు మామూలు మర, ఎడమ పెడలుది ఎదురు మర. గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే ఎడమది వదులవుతుంది. ఇది తెలియక బలం పెట్టి మరింత బిగించేసి, చివరికి క్రాంకు (పెడలు తగిలించే చేయి) మర పాడుచేసుకున్నవాళ్లు బోలెడుమంది.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు చక్రం ఊడితే రెండు కాళ్లూ గాలిలో ఉంటాయి, పక్కనుంచి బరువు పడితే లోపలికి నొక్కుకుంటాయి. ఇంట్లో మిగిలిన పీవీసీ పైపును ముందు ఫోర్కుకు సరిగ్గా 100 మి.మీ., వెనక ఇరుసు చోటుకు 135 మి.మీ. (పాత రోడ్డు సైకిలైతే 130) కోసి, మధ్యలోంచి క్విక్ రిలీజ్ కడ్డీ (లివరు మడిచి చక్రాన్ని బిగించే సన్నటి కడ్డీ) దూర్చి బిగిస్తే సరిపోతుంది. ఇరుసు లావుగా ఉండే త్రూ యాక్సిల్ సైకిళ్లలో ఆ ఇరుసునే తిరిగి దూర్చి పెట్టేయొచ్చు. డిస్కు బ్రేకు ఉంటే మరో జాగ్రత్త. చక్రం తీశాక ఎవరైనా బ్రేకు లివరు నొక్కితే, మధ్యలో డిస్కు లేదు కనుక రెండు ప్యాడ్లూ ముందుకొచ్చి కలుసుకుంటాయి. ద్రవంతో పనిచేసే బ్రేకులో అవి వాటంతట అవి వెనక్కి పోవు, పల్చటి స్క్రూడ్రైవరుతో విడదీయాల్సిందే. రెండు మూడు మి.మీ. మందం వచ్చేలా అట్టముక్క మడిచి ప్యాడ్ల మధ్య దోపితే ఈ బెడద లేదు. డిస్కు మందం రెండు మి.మీ. కూడా ఉండదు. చక్రాన్ని డిస్కు కిందికి వచ్చేలా పడుకోబెట్టి దాని మీద బ్యాగు పెడితే వంగిపోతుంది. జిడ్డు చేతులతో దాన్ని ముట్టుకున్నా తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా కీచుమంటుంది.

ఫ్రేమును ఎప్పుడూ చైను వైపు పైకి ఉండేలా పడుకోబెట్టాలి. గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ అన్న ముక్క మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఫ్రేముకు బదులు అది వంగాలనే అలా చేస్తారు. రెండు మూడు మి.మీ. వంగినా చాలు, గేరు ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుంది. ఇంకా వంగితే డిరైలర్ వెళ్లి చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది, దారిలో ఏ షాపులోనూ సరైనది దొరుకుతుందని నమ్మడానికి లేదు. దూరం పోయేవాళ్లు ఒకటి అదనంగా దగ్గర పెట్టుకోవాలి. ఇంకా మంచి పని, 5 మి.మీ. ఎలెన్ కీతో డిరైలర్‌ను విప్పి, ఫ్రేము లోపలి వైపుకు కేబుల్ టైతో కట్టేయడం.

రెండు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో దుప్పటి ఒక్కటే చాలదు. పై ఫ్రేము బరువంతా కింది దాని క్రాంకు మీద పడుతుంది. అట్టపెట్టెను విప్పి పరచి, దాని మీద దుప్పటి వేయండి. క్రాంకులను ఫ్రేము కడ్డీలకు సమాంతరంగా తిప్పి కట్టండి. చైను మసి సీటు బట్టకు అంటితే పోదు కాబట్టి ముందు రోజు చైనును పొడిగుడ్డతో తుడిచి, చుట్టూ పాత పంచెముక్క చుట్టేయాలి.

వ్యాగనార్ తరహా కారులో దీనికన్నా శుభ్రమైన పద్ధతి ఇంకొకటుంది. 18 మి.మీ. ప్లైవుడ్ పలకను డిక్కీ వెడల్పుకు రెండు సెంటీమీటర్లు తక్కువగా కోయించి, దాని మీద ఫోర్కును పట్టుకునే 100 మి.మీ. బిగింపులు రెండు, అడుగు ఎడంగా బోల్టులతో బిగించాలి. ముందు చక్రం మాత్రమే తీసి, ఫోర్కును దానికి తగిలిస్తే సైకిలు తన వెనక చక్రం మీద తానే నిలబడుతుంది. డిరైలర్ విప్పక్కరలేదు, ఫ్రేములు ఒరుసుకోవు. ముందు సీటును కాస్త ముందుకు జరపాల్సి రావచ్చు, సీటు పోస్టు దించాల్సి రావచ్చు. పలక కోయించే ముందు సైకిలును లోపల పెట్టి కొలుచుకోండి.

లోపల పెట్టినా కట్టడం తప్పదు, చాలామంది వదిలేసేది ఇక్కడే. 50 వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకుని అరవై సెంటీమీటర్ల నలుగుడులో ఆగిపోయిందనుకుంటే, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 16 రెట్ల బలంతో ముందుకొస్తుంది. 15 కిలోల సైకిలు 240 కిలోలై ముందు సీటు వీపును తంతుంది. ఫ్రేమును కనీసం రెండు చోట్ల కట్టాలి: ఒకటి వెనక సీటు బెల్టు మూలానికి, ఇంకొకటి పిల్లల సీటు తగిలించే ఇనుప కొక్కేనికి. సాగే రబ్బరు తాళ్లు సామాను కదలకుండా ఉంచడానికి సరిపోతాయి, గుద్దుకున్నప్పుడు ఆపలేవు. బకిలున్న నైలాను పట్టీ వాడండి. విడి చక్రాలు, పానాలు, గాలిపంపు కూడా సంచిలో వేసి కట్టాల్సినవే.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. సైకిలు పూర్తిగా పట్టలేదని డిక్కీ తలుపు సగం తెరిచి తాడుతో కట్టి పోవడం రోడ్ల మీద కనబడుతుంటుంది. కారు ముందుకు పోతుంటే వెనక గాలి సుడి తిరుగుతుంది, సైలెన్సరు పొగ ఆ సుడిలో చిక్కి తెరిచిన డిక్కీలోంచి లోపలికొస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. తల బరువు, నిద్ర మత్తు ప్రయాణపు అలసటేనని అనుకుంటారు. పైగా తలుపుకే నంబరు ప్లేటు ఉన్న కార్లలో అది ఆకాశం వైపు తిరుగుతుంది.

టాపు మీద

చిన్న కార్లలో చాలా వాటికి టాపు మీద నిలువుగా పోయే పట్టాలు (రూఫ్ రైళ్లు) ఉండవు. ఉన్నా అన్నీ బరువు మోసేవి కావు. అందం కోసం అతికించినవే ఎక్కువ. కారు మాన్యువల్‌లో టాపు బరువు పరిమితి రాసి ఉంటే, ఆ రైలుకు క్రాస్‌బార్ (అడ్డకడ్డీ) తగిలించొచ్చని కూడా రాసి ఉంటేనే దాన్ని నమ్మాలి. ఉత్త టాపుకు, తలుపు చట్రం అంచును పట్టుకునే క్లాంపులతో అడ్డకడ్డీలు వస్తాయి. ఆ క్లాంపు ఒక్కో మోడలుకు ఒక్కో వంపులో ఉంటుంది. పక్కింటివాళ్ల ఐ10ది తెచ్చి వ్యాగనార్‌కు బిగిస్తే పట్టినట్టే ఉంటుంది, తలుపు రబ్బరు నలిగి వాన నీళ్లు లోపలికొచ్చినప్పుడు తెలుస్తుంది.

బరువు లెక్క ముందే వేసుకోండి. మాన్యువల్‌లో 50 కిలోలని ఉందనుకుందాం. అడ్డకడ్డీలు 5, సైకిలు కూర్చునే తొట్లు ఒక్కోటి 3.5 చొప్పున రెండు 7, ఇనుప ఫ్రేము సైకిళ్లు 16 చొప్పున రెండు 32. మొత్తం 44. మూడోది ఎక్కిస్తే 63.5, పరిమితి దాటిపోయింది. అల్యూమినియం హైబ్రిడ్ సైకిలు 13, 14 కిలోలుంటుంది, వాటితోనూ మూడు పట్టవు. పరిమితి సామానుకే కాదు, క్యారియర్ బరువు కూడా అందులోదే. మనుషులు నలుగురు, బ్యాగులు, ఈ 44 అన్నీ కలిపితే 370 దాటుతుంది. చిన్న కార్లు మోయగలిగేది 400 కిలోల చుట్టుపక్కలే కనుక కారు టైర్లలో గాలి నిండు లోడుకు తలుపు చట్రం మీద రాసిన అంకెకు పెంచుకోవాలి.

తొట్లు రెండు రకాలు. ఫోర్కును పట్టుకునేది గట్టిగా ఉంటుంది, ఎత్తు తగ్గుతుంది. కానీ ముందు చక్రం తీయాలి, ఇరుసు రకం కలవాలి: పాత క్విక్ రిలీజ్ 9×100, కొత్తవి 12×100, 15×100, 15×110. కలవకపోతే మధ్యలో అడాప్టరు కావాలి. రెండో రకం చక్రాలతో సహా నిలబెట్టి ఫ్రేము కడ్డీని చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కార్బన్ ఫ్రేముకు ఇది వద్దు. ఆ పట్టు బిగింపుకు పల్చటి గొట్టం లోపలికి చీలినా పైకి కనబడదు.

ఎత్తు. స్విఫ్ట్ 152, కడ్డీ తొట్టి కలిపి 12, సైకిలు 105. దాదాపు 270 సెంటీమీటర్లు. వ్యాగనార్ మీదైతే 285. మాల్ బేస్‌మెంట్లలో 210, 220 అని పసుపు కడ్డీ మీద రాసి ఉంటుంది. కడ్డీ కిందికి పోయినప్పుడు విరిగేది సైకిలు ఒక్కటే అనుకోవద్దు, అడ్డకడ్డీలతో పాటు టాపు రేకు కూడా లేస్తుంది. రైల్వే వంతెనల కింద దార్లు, హోటల్ పోర్టికోలు, ఇంటి గేటు కమాను, వీధిలో అడ్డంగా వేలాడే కేబుల్ తీగలు, మేలో గంగమ్మ జాతరప్పుడు తిరుపతి వీధుల్లో వేసే పందిళ్లు అన్నీ ఈ లెక్కలోకొస్తాయి. మొత్తం ఎత్తు ఒక కాగితం మీద రాసి స్టీరింగు ముందు అతికించుకోండి. మరిచిపోయేది ప్రయాణం మొదట్లో కాదు, చివర్లో, ఇల్లు చేరాక గేటు దగ్గర.

గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు పోతే వేగం పావు వంతే పెరిగినా, సైకిళ్ల మీద గాలి తోపు 56 శాతం పెరుగుతుంది. పెట్రోలు ఖర్చు అక్కడే పెరుగుతుంది, కడ్డీలు ఊగేదీ అక్కడే. 80 దాటకుండా పోతే రెండూ అదుపులో ఉంటాయి. వానకని సైకిలు మొత్తానికీ టార్పాలిన్ కప్పడం మాత్రం వద్దు, అది తెరచాపై కూర్చుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరుపతి, చిత్తూరు వైపు వానలెక్కువ. ఆ రోజుల్లో బయట కట్టిన సైకిలు హ్యాండిల్ బేరింగుల్లోకి, పెడళ్ల ఇరుసులోకి గాలి వేగంతో నీళ్లు దూరతాయి. సీటుకూ, హ్యాండిల్ కింది బేరింగు చోటుకూ చిన్న ప్లాస్టిక్ సంచి చుట్టి టేపు వేస్తే చాలు. లైట్లు, నీళ్ల సీసా, సీటు కింద సంచి, గాలిపంపు, పిల్లల సైకిలు బుట్ట అన్నీ ముందే తీసేయండి. ఊడి ఎగిరే వస్తువు వెనక వచ్చే బైకువాడి మొహానికి తగులుతుంది.

వెనక పట్టీల క్యారియర్

ఇది డిక్కీ తలుపు మీద ఆనుకుని, ఆరు పట్టీలతో వేలాడే ఇనుప చట్రం. పైన రెండు, కింద రెండు, పక్కల రెండు. పట్టీ చివర కొక్కేలు తలుపు అంచును పట్టుకుంటాయి. తలుపు పై అంచు రేకుదైతే పర్వాలేదు. అద్దం అంచు వరకూ ఉంటే, లేదా ప్లాస్టిక్ స్పాయిలర్ (అద్దం పైన చూరులా వచ్చే ముక్క) ఉంటే దాని మీద కొక్కెం పడకూడదు, విరుగుతుంది. తలుపే ప్లాస్టిక్‌దైన మోడళ్లు కూడా ఉన్నాయి. అయస్కాంతం ముక్క పెట్టి చూస్తే తేలిపోతుంది.

బిగించే ముందు చట్రం రబ్బరు పాదాలు ఆనే చోటును తడిగుడ్డతో తుడవాలి. పెయింటు గీసుకుపోయేది క్యారియర్ వల్ల కాదు, దాని కింద ఇరుక్కున్న దుమ్ము వల్ల. 200 కిలోమీటర్ల అదురుకు ఆ ఇసుకే గరుకు కాగితం. కొక్కేల కింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టండి. ముందు పై పట్టీలు బిగించి చట్రం కోణం నిలపాలి, తర్వాత కిందివి, చివర పక్కలవి. మళ్లీ మొదటికొచ్చి ఒక్కో పట్టీ కొంచెం కొంచెం. సైకిళ్లు వేలాడే చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కాస్త పైకి లేచి ఉండాలి, బరువు పడగానే అవి కిందికి దిగుతాయి. మొదటే సమానంగా పెడితే లోడు పడ్డాక కిందికి వాలిపోయి సైకిలు జారుతుంది.

బిగించిన పట్టీ అలాగే ఉంటుందనుకోవడం దీనితో వచ్చే తంటాల్లో మొదటిది. కొక్కేలు తలుపు అంచులో పూర్తిగా కూర్చునేది కారు కదిలాకే. ఒక్కో స్పీడ్ బ్రేకరుకు అవి మి.మీ. చొప్పున లోపలికి జరుగుతాయి, ఆ మేరకు పట్టీ వదులవుతుంది. నైలాను తడిస్తే ఇంకా సాగుతుంది. పది పదిహేను కిలోమీటర్లు పోగానే ఒకసారి ఆగి అన్నీ లాగి చూడాలి. తిరుపతి నుంచి చిత్తూరు వైపు పోతుంటే చంద్రగిరి దాటగానే ఆ ఆపు వస్తుంది. తర్వాత ప్రతి టిఫిన్ ఆగుడులోనూ చేయి పెట్టి చూడాలి. పట్టీల మిగిలిన కొసలు ముడి వేయకపోతే గాలికి కొట్టుకుని పెయింటు తింటాయి, వెనక చక్రానికీ చుట్టుకోవచ్చు.

సైకిళ్లు తగిలించేటప్పుడు బరువైనది కారుకు దగ్గరగా, తేలికది బయట. ఒకదాని తల కుడికి, ఇంకొకదాని తల ఎడమకు. లోపలి దాని హ్యాండిల్ వెనక అద్దానికి తగలకుండా చూసుకోవాలి, తగిలేలా ఉంటే స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే ముక్క) బోల్టులు 4 లేదా 5 మి.మీ. కీతో వదులు చేసి హ్యాండిల్ తిప్పేయాలి. రెండు సైకిళ్ల మధ్యకొచ్చే పెడలు తీసేయడం మంచిది, లేదంటే పక్క సైకిలు పుల్లల్లోకి దూరుతుంది. ఆడవాళ్ల సైకిలుకు పై కడ్డీ ఉండదు. దానికి సీటు పోస్టుకూ హ్యాండిల్‌కూ మధ్య తగిలించే విడి కడ్డీ దొరుకుతుంది. ముందు చక్రం తీసేస్తే సైకిలు 140 సెంటీమీటర్లకు తగ్గి, ఆల్టో వెనక కూడా కారు వెడల్పు లోపలే ఉంటుందని మరిచిపోవద్దు. ఉంచితే, చక్రం తిరగకుండా, హ్యాండిల్ మడత పడకుండా ఫ్రేముకు కట్టండి. చివరగా క్యారియర్‌తో సంబంధం లేకుండా ఒక విడి తాడు: సైకిలు ఫ్రేముల్లోంచి కారు వెనక లాగుడు కొక్కేనికి. పట్టీలు తెగినా సైకిలు రోడ్డు మీద పడకుండా ఆపేది అదే.

సైలెన్సరు గొట్టం ఎదురుగా సైకిలు టైరు వస్తే వేడికి రబ్బరు మెత్తబడి పేలుతుంది, కార్బన్ రిమ్మైతే రిమ్మే పోతుంది. ఒక జానెడు పక్కకు జరపడమో, ఆ చక్రం తీసేయడమో చేయాలి. వేలాడే చక్రాలు కారు అడుగు కన్నా కిందికి రాకూడదు. స్పీడ్ బ్రేకరు దిగేటప్పుడు కారు తోక ఎంత కిందికి వంగుతుందో అప్పుడు తెలుస్తుంది.

కారు నడకలో తేడా కూడా లెక్కకు తెలుస్తుంది. సైకిళ్లు, చట్రం కలిపి 37 కిలోలు, వెనక ఇరుసుకు మీటరు వెనక వేలాడుతున్నాయి. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 245 సెంటీమీటర్లు. అంటే వెనక ఇరుసు మీద పడేది 52 కిలోలు, ముందు ఇరుసు మీద నుంచి లేచేది 15. ముందు చక్రాలతో నడిచే కారులో ఆ 15 కిలోలు తడిరోడ్డు మీద ఘాట్ ఎక్కేటప్పుడు పట్టును తగ్గిస్తాయి. రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి. డ్యాష్‌బోర్డులో లైట్లు దించే చిన్న చక్రం ఉంటే ఒకటో రెండో గీతలు దించాలి.

చలానా, ఘాట్, ఎండ

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194(1ఎ) సెక్షను చేరింది. లోడు కారు పక్కలకో, ముందుకో, వెనక్కో, ఎత్తుకో అనుమతించిన హద్దు దాటి ఉంటే 20,000 రూపాయల జరిమానా, దింపించే ఖర్చు అదనం. ముందు చక్రం తీయమని పదే పదే చెప్పడానికి ఇదొక కారణం. చిత్తూరు నుంచి గంట రెండు గంటల్లో తమిళనాడులోకో కర్ణాటకలోకో అడుగుపెడతాం, ఈ చట్టం మూడు చోట్లా ఒకటే. వెనక కట్టినప్పుడు నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు మూసుకుపోకూడదు. కట్టడం అయ్యాక పది అడుగులు వెనక్కి పోయి, ఒకరు బ్రేకు తొక్కుతుంటే ఇంకొకరు చూడాలి. బయటికొచ్చిన కొనకు ఎర్రగుడ్డ, రాత్రికి ఎర్ర రిఫ్లెక్టరు.

మదనపల్లె వైపు పోయేవాళ్లకు భాకరాపేట ఘాట్, బెంగళూరు వైపు పోయేవాళ్లకు పలమనేరుకు ముందు మొగిలి ఘాట్ వస్తాయి. 30 మీటర్ల వంపును 40 వేగంతో తిప్పితే సైకిలు బరువులో నలభై శాతం పక్కకు లాగుతుంది. పైకీ కిందికీ మాత్రమే బిగించి పక్క పట్టీలు నిర్లక్ష్యం చేసినవాళ్ల సైకిళ్లు ఇక్కడే ఊగుతాయి.

మేలో ఎండలో ఆపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం కష్టమేమీ కాదు. 30 డిగ్రీల దగ్గర 100 పీఎస్‌ఐ పెట్టిన టైరులో 60 డిగ్రీలకు 111 అవుతుంది. మంచి టైరు దాన్ని ఓర్చుకుంటుంది. సొల్యూషన్ పెట్టి అతికించిన ప్యాచు మాత్రం ఆ వేడికి మెత్తబడి లేస్తుంది. బయలుదేరేముందు 15, 20 పీఎస్‌ఐ దించి, చేరాక కొట్టుకోవడమే మేలు. కరెంటు సైకిలుకు బ్యాటరీ విప్పి ఏసీ ఉన్న చోట పెట్టాలి, ఎండలో మూసిన కారులో వదిలి భోజనానికి పోకూడదు. ఆ సైకిళ్లు 20 కిలోలు దాటతాయి కనుక టాపు మీదికి, పట్టీల క్యారియర్‌కు అసలు పనికిరావు.

నాలుగు సైకిళ్లు, నలుగురు మనుషులు, ఒక చిన్న కారు అంటే కుదరదు. సైకిళ్లను రైలు పార్సిల్‌లో బుక్ చేయడమో, మడత సైకిళ్లు తీసుకోవడమో చూడాలి. 

దించాక

చక్రం తిరిగి పెట్టేటప్పుడు క్విక్ రిలీజ్ కడ్డీకున్న రెండు చిన్న స్ప్రింగులను చూడండి. సన్నటి కొస చక్రం వైపు ఉండాలి. తిరగేస్తే లివరు బిగిసినట్టే ఉంటుంది, చక్రం సరిగా కూర్చోదు. లివరు సగం మూశాక అడ్డం మొదలవ్వాలి, పూర్తిగా మూశాక అరచేతిలో దాని అచ్చు పడాలి. ఈ పని సైకిలు నేలమీద నిలబడి ఉండగా చేయాలి, అప్పుడే ఇరుసు గూట్లో అడుగుదాకా దిగుతుంది.

హ్యాండిల్ తిప్పి ఉంటే ముందు చక్రానికి అడ్డంగా సరిచేసి స్టెమ్ బోల్టులను 5 న్యూటన్ మీటర్ల దగ్గర, రెండూ మార్చి మార్చి బిగించాలి. ద్రవం బ్రేకు సైకిలు చాలాసేపు తలకిందులుగానో పడుకునో ఉంటే, లివరు దగ్గరి ద్రవపు డబ్బాలోని గాలి గొట్టంలోకి జరిగి లివరు మెత్తగా తగులుతుంది. నిలబెట్టి పది ఇరవైసార్లు నొక్కితే చాలాసార్లు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే గాలి తీయించే దాకా తొక్కవద్దు. వి-బ్రేకు అయితే విప్పిన ఆ వంపు గొట్టం గూట్లోకి తిరిగి వెళ్లిందా లేదా అని వేలితో తడిమి చూడండి. అది ఊడే ఉంటే లివరు హ్యాండిల్ దాకా వస్తుంది, ముందు బ్రేకు లేనట్టే. హార్స్‌లీ హిల్స్ పైన సైకిలు దించి మదనపల్లె రోడ్డు వైపు దిగాలనుకునేవాళ్లు ముందు సమతలం మీద నడిచే వేగంతో రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడాలి. చివరికి వెనక చక్రాన్ని గాలిలో తిప్పి గేర్లన్నీ ఒక్కసారి మార్చండి. అతిపెద్ద పళ్లచక్రం మీద డిరైలర్ పుల్లలకు తాకుతున్న చప్పుడొస్తే హ్యాంగర్ వంగిందని, అదనంగా తెచ్చుకున్నది బయటికి తీయాలని అర్థం.